మైపాడు ఆర్‌ఎక్స్ 100 కేసు: ఐడిలింగ్ దిగని బండికి ముందు నేను చేసిన తప్పు వైద్యం

బండి యమహా ఆర్‌ఎక్స్ 100, 1994 మోడల్, ఏపీ 26 నంబరు. వేడెక్కాక ఐడిలింగ్ (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) దిగదు, టాప్ గేరులో పికప్ లేదు, వారానికో ప్లగ్గు పోతుంది. నా షెడ్డుకి రాకముందే నాలుగు షాపులు తిరిగొచ్చింది. నా చేతికొచ్చిన రోజు నుంచి పూర్తిగా బాగై వెళ్లేదాకా ఇరవై రెండు రోజులు పట్టింది. అందులో మొదట నేను చేసిన పని బండిని బాగుచేయకపోగా ఇంకా పాడు చేసింది. దాన్ని దాచిపెట్టి రాస్తే ఈ కేసు రాయడమే దండగ.

నెల్లూరు వేదాయపాలెంలో నాది చిన్న షెడ్డు. ఎక్కువగా పాత బండ్లే వస్తాయి. ఈ బండి తెచ్చిన అబ్బాయి మైపాడు వైపు ఊరివాడు, రొయ్యల గుంటలున్న కుటుంబం. బండి వాళ్ల నాయనది. "అన్నా, దీనికేదో దెయ్యం పట్టినట్టుండాది. యాక్సిలరేటర్ వదిలేసినా దానిపాటికది అరస్తానే ఉండాది" అన్నాడు. సంచీలోంచి విప్పేసిన పాత కార్బరేటర్, మూడు ప్లగ్గులు, ఒక ఆయిల్ సీలు (తిరిగే రాడ్డు చుట్టూ గాలీ ఆయిలూ పోకుండా ఆపే రబ్బరు రింగు) బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. పోయిన సామాన్లు పారేయకుండా దాచుకునే కస్టమర్ దొరకడం మెకానిక్ అదృష్టం. ఆ సీలును నేను ఆ రోజు సరిగ్గా చూసి ఉంటే సగం కథ అక్కడే తేలిపోయేది. చూడలేదు.

ఈ బండి గురించి తెలియని కుర్రవాళ్లకి రెండు ముక్కలు. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. 98 సీసీ, టూ స్ట్రోక్. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరమూ 50 మిల్లీమీటర్లే. పదకొండు హార్స్ పవరు. అంకె చూస్తే ఏముందిలే అనిపిస్తుంది గాని, బండి వంద కిలోల దాపులోనే ఉంటుంది కాబట్టి ఆ పదకొండు ఎటు లాగుతాయో ఎక్కినోడికి తెలుసు. ఇప్పుడు వీటికున్న ధరలు చూస్తే ఆ రోజుల్లో అమ్ముకున్నవాళ్లు తలలు పట్టుకుంటున్నారు.

మొదటి రోజు చల్లటి ఇంజన్‌కి కిక్ కొడితే రెండో కిక్కుకే అందుకుంది. చోక్ (పెట్రోలు వాటా పెంచే మీట) మీద శుభ్రంగా నడిచింది. చోక్ దించాక ఐదు నిమిషాలకి ఐడిలింగ్ తనంతట తను పెరగడం మొదలైంది. రేస్ ఇచ్చి వదిలితే కిందికి దిగకుండా పైనే వేలాడి, కాసేపటికి ఎప్పుడో దిగుతుంది. ఇది గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనప్పుడు కనిపించే లక్షణం. సందేహం తీరాలంటే ఆ టైములో చోక్ కొంచెం ఎత్తి చూడాలి. ఎత్తాను, ఐడిలింగ్ దిగింది. అంటే ఇంజన్ పెట్రోలు చాలక ఆకలితో ఉందన్నమాట.

కానీ ప్లగ్గు విప్పితే తారులాగా నల్లగా, తడిగా ఉంది. ట్రయల్ వేస్తే మూడో గేరు నుంచి నాలుగుకి పోయి ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఆగి ఆగి లాగుతోంది, వెనక పొగ. ఇవన్నీ పెట్రోలు ఎక్కువైన లక్షణాలు. ఒకే బండికి ఆకలీ అజీర్తీ రెండూనా?

ఇక్కడ నేను కళ్ల ముందున్నదాన్నే నమ్మాను. కార్బరేటర్ విప్పితే డూప్లికేట్ బాడీ, లోపల మెయిన్ జెట్ (ఫుల్ రేస్‌లో పెట్రోలు వచ్చే కన్నం) కంపెనీ సైజు కంటే బాగా పెద్దది, పెట్రోలు ఇంకా ఎక్కువ పోయేలా సూది క్లిప్పు చివరి గాడికి దించేసి సూదిని పైకి లేపారు. ఇంజన్‌కి టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) అందించే ఆటోల్యూబ్ పంపు తీగ ఎంత బిగించారంటే, యాక్సిలరేటర్ వదిలేసినా పంపు పుల్లీ గుర్తు దాటే ఉంది. పైగా అబ్బాయి ట్యాంకులో కూడా టూటీ ఆయిల్ పోస్తున్నాడు, ఒక షాపువాళ్లు పోయమన్నారట. ఇన్ని తప్పులు ఒకేచోట కనబడితే మెకానిక్‌కి లోపల ఒక రకమైన సంతోషం పుడుతుంది. ఆ సంతోషంలోనే నేను బోల్తా పడ్డాను.

సంచీలోని అసలు మికుని కార్బరేటర్ కడిగి బిగించాను. కంపెనీ సైజు జెట్ వేశాను, క్లిప్పు మధ్య గాడికి తెచ్చాను, పంపు గుర్తుకి గుర్తు కలిపాను. ట్యాంకులో ఆయిల్ పోయడం మానేయమన్నాను. వేదాయపాలెం నుంచి హైవే మీద కొంతదూరం పోయి వచ్చాను. ఫుల్ రేస్‌లో అడ్డం పోయింది, పొగ తగ్గింది, బండి ఎగిరి దూకింది. ఐడిలింగ్ మాత్రం ఇంకా కొంచెం వేలాడుతోంది. స్లో స్క్రూ తిప్పి సర్దేసి, "రెండ్రోజులు నడిపి చూడు" అని బండి ఇచ్చేశాను. ఐడిలింగ్ సంగతి తేల్చకుండా బండి ఇవ్వడం ఆ రోజు నేను చేసిన తప్పు. సర్దేశాను అని రాశానే, ఆ మాటకి మా పనిలో కప్పిపెట్టాను అనే అర్థం.

రెండో రోజు సాయంత్రం ఫోను. ఇందుకూరుపేట దాటాక అరవైలో పోతుంటే ఇంజన్ ఉన్నట్టుండి బిగుసుకుందట, వెనక చక్రం జారిందట. అబ్బాయి క్లచ్ పట్టుకున్నాడు కాబట్టి పడలేదు. పది నిమిషాలు ఆగి కిక్ కొడితే కిక్ దిగిందట, బండి స్టార్టయిందట గాని లోపల గరగర. ఆటో ట్రాలీలో తెప్పించాను. ట్రాలీ డబ్బులు నేనే ఇచ్చాను.

హెడ్, బ్లాక్ విప్పితే పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు. బోరుకి అల్యూమినియం పూసుకుపోయింది. పిస్టన్ పట్టేసిందన్నమాట. ఆయిల్ కరువై పట్టేస్తే గీతలు చుట్టూతా ఉంటాయి. ఇక్కడ ఒక్క పక్కే, అదీ అన్నిటికంటే వేడి ఎక్కువుండే పక్కే. పంపు పైపు విప్పి చూశాను, ఆయిల్ బాగానే వస్తోంది. అంటే వేడి ఎక్కువై పట్టేసింది. వేడి ఎందుకు? గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మొదటిరోజు చోక్ ఎత్తినప్పుడు ఇంజన్ చెప్పింది ఇదే.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ముడి విడింది. ఎక్కడినుంచో దొంగగాలి లోపలికి పోతోంది. ఆ కన్నం సైజు ఎప్పుడూ ఒక్కటే. ఐడిలింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, కాబట్టి అందులో దొంగగాలి వాటా చాలా ఎక్కువ, అందుకే ఐడిలింగ్ దిగదు. ఫుల్ రేస్‌లో ఇంజన్ పీల్చే గాలి మొత్తం చాలా ఎక్కువ, అందులో ఈ దొంగగాలి చిన్న వాటా. అక్కడ పెద్ద జెట్ ముందుకొచ్చి పెట్రోలు కుమ్మరిస్తోంది, ప్లగ్గు నల్లబడుతోంది. నాకంటే ముందు చూసినవాళ్లకి కారణం తెలియకపోయినా, జెట్ పెంచితే బండి ఆగకుండా నడుస్తోందని మాత్రం తెలిసింది. వాళ్ల పని చూసి నవ్వుకున్నాను గాని, ఇంజన్ పట్టేయకుండా ఇన్నాళ్లు కాపాడింది ఆ పెద్ద జెట్టే. నేను దాన్ని తీసేసి బండిని ఎండలో నిలబెట్టాను.

ఇంకొక సంగతి, చాలామంది ఒప్పుకోరు: పెట్రోల్లో టూటీ ఆయిల్ ఎక్కువ కలిపితే మిశ్రమం చిక్కబడదు, పలచబడుతుంది. జెట్ కన్నంలోంచి వచ్చే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది కదా. పొగ చూసి "రిచ్" అనుకోవడం వేరు.

దొంగగాలి ఎక్కడిదో వెతకడం

ఫోర్ స్ట్రోక్ చేసినవాళ్లకి క్రాంక్ కేసంటే ఆయిల్ ఉండే గిన్నె. టూ స్ట్రోక్‌లో అది పంపు. పిస్టన్ పైకి పోయినప్పుడు కింద క్రాంక్ కేసులోకి ఒకవైపే తెరుచుకునే రీడ్ వాల్వు గుండా గాలీ పెట్రోలూ పీలుస్తుంది, కిందికి వచ్చినప్పుడు దాన్ని నొక్కి పక్క దారుల్లోంచి పైకి తోస్తుంది. ఈ పంపు గాలి చొరకుండా ఉండాలి. క్రాంక్‌కి, అంటే పిస్టన్ తిప్పే రాడ్డుకి, రెండు కొసల్లో రెండు ఆయిల్ సీళ్లు. కుడివైపు సీలు పోతే క్లచ్ వైపు నుంచి గేరాయిల్ పీల్చుకుంటుంది, తెల్లపొగ, గేరాయిల్ తగ్గిపోవడం. ఎడమవైపు, అంటే ప్లగ్గుకి కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ వైపు సీలు పోతే ఉత్త గాలి. పొగ ఉండదు, ఆయిల్ మరక ఉండదు, ఏ ఆనవాలూ ఉండదు. ఈ బండిలో గేరాయిల్ కొలిస్తే సరిగ్గానే ఉంది.

మామూలుగా అందరం చేసేది, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా కార్బరేటర్ జాయింటు మీద క్లీనర్ కొట్టి శబ్దం మారుతుందా అని చూడటం. అది నేను మొదటిరోజే చేశాను, మారలేదు. మ్యాగ్నెట్ వెనక దాక్కున్న సీలు దగ్గరికి ఆ స్ప్రే పోదు. పోనీ మ్యాగ్నెట్ కవరు తీసి కొడదామంటే, నిప్పురవ్వలుండే చోట మండే ద్రవం చల్లడం. చేయకండి.

బండి పట్టేసిన తర్వాత ముందు చేయాల్సింది వెనక చేశాను. గాలి పట్టి చూసే పరీక్ష. కంపెనీ సాధనాలు నా దగ్గర లేవు. ఒక పాత ప్లగ్గు లోపలి పింగాణీ పగలగొట్టి, దానికి చిన్న రాగి పైపు వెల్డింగ్ పెట్టించి చాలా ఏళ్లుగా ఉంచుకున్నాను. దానికి డాక్టర్లు వాడే గుండ్రటి డయల్ బీపీ మిషను తగిలిస్తాను, చేత్తో నొక్కే రబ్బరు బుడ్డీతో సహా. డయల్ మీద 300 దాకా ఉంటుంది. ఆ 300 అంటే సుమారు 5.8 పీఎస్ఐ. టూ స్ట్రోక్ క్రాంక్ కేసుకి అంతకంటే ఎక్కువ ఎక్కించకూడదు, సీళ్లు తిరగబడతాయి. అంటే దేవుడు ఈ పరీక్ష కోసమే బీపీ మిషను చేయించినట్టుంది. మా వీధి చివర ఆర్‌ఎంపీ పాతది ఇస్తూ, "బండికి బీపీ ఎంతుందో నాక్కూడా చెప్పు" అన్నాడు.

బ్లాక్ తాత్కాలికంగా మళ్లీ బిగించి, పిస్టన్‌ని అట్టడుగుకి దించాను. అప్పుడే పక్క దారులు తెరుచుకుని పైనా కిందా ఒకటవుతాయి. సైలెన్సర్ తీసి ఎగ్జాస్ట్ మూతికి లారీ ట్యూబు ముక్క, దాని మీద ఇనప రేకు పెట్టి బిగించాను. కార్బరేటర్ తీసి ఆ మూతికి రబ్బరు బిరడా. ప్లగ్గు కన్నంలోంచి బుడ్డీ నొక్కుతూ 280 దాకా ఎక్కించాను. బాగున్న ఇంజన్ అయితే సూది నిమిషాల తరబడి అక్కడే నిలబడుతుంది. ఇక్కడ కళ్లముందే పడిపోయింది, పది లెక్కబెట్టేలోపే వంద దిగువకి.

మళ్లీ ఎక్కిస్తూ, మా షెడ్డు పిల్లోడి చేత సబ్బు నురగ పూయించాను. హెడ్ ప్యాకింగ్ దగ్గర ఏమీ లేదు. బ్లాక్ కింద ప్యాకింగ్, ఏమీ లేదు. క్రాంక్ కేసు అతుకు, ఏమీ లేదు. గేరాయిల్ పోసే మూత తీసి దానికి పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టాం, కవరు ఉబ్బలేదు, అంటే కుడి సీలు బాగుంది. మ్యాగ్నెట్ పుల్లర్‌తో లాగి, సీలు మీద నురగ పెట్టగానే బుస్సుమని బుడగలు. అదీ చుట్టూ కాదు, ఒక్క పక్క నుంచి.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. సీలు మారిస్తే అయిపోయె, మ్యాగ్నెట్ వైపు సీలు ఇంజన్ విప్పకుండానే బయటినుంచి మార్చొచ్చు. అప్పుడు గుర్తొచ్చింది అబ్బాయి తెచ్చిన సంచీలో ఉన్న పాత సీలు. ఫోను చేసి అడిగితే, ఆరునెలల క్రితం ఒక షాపులో మ్యాగ్నెట్ సీలు మార్చారన్నాడు. మార్చిన నెలరోజులు బండి బాగుందట, తర్వాత మళ్లీ మామూలే. ఆ పాత సీలునీ, ఇప్పుడు లోపలున్న కొత్త సీలునీ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. పాతదానికి వయసు మీద పడి రబ్బరు కొయ్యలాగా గట్టిపడింది. కొత్తది మెత్తగానే ఉంది గాని, పెదవి ఒక్క పక్కే నెలవంకలాగా అరిగిపోయింది.

ఒక్క పక్క అరగడమంటే లోపల తిరిగే రాడ్డు కుదురుగా లేదు. క్రాంక్ కొసని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే టక్ టక్‌మని కదిలింది. బేరింగ్ పోయింది. బేరింగ్ ఆట వల్ల క్రాంక్ ఊగుతుంటే ఎన్ని సీళ్లు మార్చినా ఒక్క నెలే.

ఫుల్ ఇంజన్ పని

ఇంజన్ దించి రెండుగా విప్పాం. మెయిన్ బేరింగులు చేతిలోకి తీసుకుని కిరోసిన్‌తో కడిగి వేలితో తిప్పితే ఇసుక పోసినట్టు గరుకు. లోపలి గాడి దీపం కింద చూస్తే ఆశ్చర్యపోయాను. గోధుమరంగు మచ్చలు, ఒకదానికొకటి సమాన దూరంలో. గుండుకీ గుండుకీ మధ్య ఎంత దూరమో మచ్చకీ మచ్చకీ మధ్య అంతే దూరం. నడుస్తూ అరిగిన బేరింగ్ ఇట్లా ఉండదు. కదలకుండా నిలబడినచోటే గుండ్లు తాకిన ప్రతిచోటా తుప్పు తిన్నది.

మళ్లీ ఫోను. బండి ఎప్పుడైనా ఎక్కువకాలం ఆపి పెట్టారా? "ఆపింది నిజమే అన్నా. నాయనకి కాలు బాగలేక తొమ్మిదేళ్లు నడపలా. గుంట కాడ మోటారు షెడ్డులో పట్ట కప్పి పెట్టుండాం. పోయిన ఏడాదే తీసినాం."

మైపాడు దగ్గర గుంట. సముద్రపు గాలి, పక్కనే రాత్రింబవళ్లు నీళ్లు చిమ్మే ఏరేటర్లు, ఉప్పునీళ్ల తుంపర. మీద ప్లాస్టిక్ పట్ట, అంటే లోపలికి పోయిన తేమ బయటికి రాలేదు. ఫోర్ స్ట్రోక్ బండిలో అయితే క్రాంక్ కేసు అడుగున ఆయిల్ ఉంటుంది, బేరింగులకి ఆ జిడ్డు అంటుకుని ఉంటుంది. టూ స్ట్రోక్ బేరింగులకి పెట్రోలుతో కలిసి వచ్చే ఆ కాస్త టూటీ ఆయిలే ఆధారం. ఏళ్ల తరబడి నిలబడితే ఆ పొర ఎండిపోతుంది, ఇనుము బయటపడుతుంది. ఆ తేమగాలి పోర్టుల గుండా నేరుగా బేరింగుల దాకా వెళ్లొచ్చు. నాలుగు షాపుల్లోనూ, నేనూ, మైలేజీ ఎంత, పికప్ ఎట్లుంది అని అడిగాం. ఎక్కడ పెట్టారు, ఎన్నాళ్లు పెట్టారు అని ఒక్కరం అడగలేదు. ఇప్పుడు పాత బండి ఏది షెడ్డులోకి వచ్చినా నా మొదటి ప్రశ్న అదే.

ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. కాబట్టి రేపు ఎవరైనా టూ స్ట్రోక్ బండిని పక్కన పెట్టాలనుకుంటే ట్యాంకూ కార్బరేటరూ ఖాళీ చేసి, ప్లగ్గు తీసి కొంచెం టూటీ ఆయిల్ లోపల పోసి, నాలుగు కిక్కులు కొట్టి, నెలకోసారి మళ్లీ కిక్ తిప్పి పెట్టండి. ప్లాస్టిక్ పట్ట బదులు పాత దుప్పటి నయం.

బేరింగులే కాదు, అదే తేమ తగిలిన కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్‌ని నమ్మడానికి మనసొప్పలేదు. రాడ్ కిట్ కూడా మార్చాలంటే క్రాంక్ విడగొట్టి మళ్లీ నొక్కించాలి. అది నా పని కాదు. మినీ బైపాస్ దగ్గర క్రాంకులు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన క్రాంక్‌ని రెండు మొనల మధ్య పెట్టి, డయల్ గేజీ సూది చూస్తూ ఇత్తడి సుత్తితో ఒక్కొక్క దెబ్బ వేస్తాడు. ఎక్కువ మాట్లాడడు. ఊగుడు 0.03 మిల్లీమీటరు లోపు రావాలని నా పట్టు. ఆయన ఇంకా తక్కువకే తెచ్చి, సూది నా వైపు తిప్పి చూపించి టీ తాగడానికి పోయాడు.

బోరు అప్పటికే అసలు కొలత కంటే 0.25 మిల్లీమీటరు పెద్ద సైజులో ఉంది, పట్టేసిన గీతలు పోవాలంటే 0.50కి పోవాల్సి వచ్చింది. కొత్త పిస్టన్‌ని బోరింగ్ షాపుకి తీసుకుపోయి దాని కొలతకే బోరు కొట్టించాను. సైజు పేరు చెప్పి కొట్టించుకోవడం నాకు ఇష్టం ఉండదు, పిస్టన్‌కీ పిస్టన్‌కీ వెంట్రుకంత తేడా ఉంటుంది. కేసులు వేడిచేసి బేరింగులు కూర్చోబెట్టాం, రెండు సీళ్లూ కొత్తవి. పాత సీలు తిరిగినచోట క్రాంక్ మీద సన్నని గాడి పడింది. కొత్త సీలు పెదవి ఆ గాడిలో పడకుండా ఒక వెంట్రుకవాసి బయటికి కూర్చోబెట్టాను. ఇంజన్ ఫ్రేములోకి ఎక్కించకముందే బీపీ మిషను పెట్టాం. 280 పెట్టి టీ తాగి వచ్చేసరికి 260 చూపిస్తోంది. ఆ ఇరవై నా ప్లగ్గు పైపు వెల్డింగ్ దగ్గర పోతోందని సబ్బు నురగే చూపించింది.

మొదటిరోజు పెట్టిన కంపెనీ జెట్, మధ్య గాడి క్లిప్పు, గుర్తుకి గుర్తు పంపు, అన్నీ మళ్లీ అట్లాగే పెట్టాను. ఆ సెట్టింగులు అప్పుడూ తప్పు కాదు. రోగం అట్లాగే ఉండగా పెట్టడం తప్పు. వేడెక్కాక రేస్ ఇచ్చి వదిలితే ఐడిలింగ్ టక్కున దిగి కుదురుకుంది. మొదటి ఐదువందల కిలోమీటర్లు ఫుల్ రేస్ ఇవ్వొద్దని, ఒకే స్పీడులో సాగదీయొద్దని చెప్పాను.

బిల్లు దగ్గర అబ్బాయి కొంచెం నసిగాడు. న్యాయమే. పిస్టన్ కిట్‌కీ బోరింగ్‌కీ డబ్బులు నేను తీసుకోలేదు, అవి నా వల్ల పోయినవి. బేరింగులు, రాడ్ కిట్, సీళ్లు, క్రాంక్ పని, నా కూలి మాత్రం తీసుకున్నాను. పెద్ద మెయిన్ జెట్‌ని ఒక కవర్లో పెట్టి వెనక్కిచ్చాను.

ఆరువందల కిలోమీటర్లకి హెడ్ బోల్టులు చూడటానికి వచ్చాడు. ప్లగ్గు విప్పితే ఇటుకపొడి రంగు. ఐడిలింగ్ అడిగితే "బాగుంది అన్నా" అన్నాడు. సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడల్లా చెయ్యి మాత్రం ఇంకా చోక్ మీదికే పోతోందట.